ఏడేళ్ళు నలభై తొమ్మిది

పోయిన నెల భూపాలపల్లిలో మా అమ్మాయి వాళ్ళింట్లో ఉండగా, నా మొట్టమొదటి బడిలో చదువుకున్న కమ్లి వచ్చింది. కాళేశ్వరం పోయి గోదావరిలో మునిగి, తిరుగు ప్రయాణంలో టీచరమ్మ ఇక్కడే ఉందని ఎవరినో అడిగి తెలుసుకుందట. జీపులో వచ్చిన కొడుకునూ కోడలినీ కింద టీ కొట్టు దగ్గర ఉండమని, ఒక చేతిలో ప్రసాదం, ఇంకో చేతిలో ఎండుమిరపకాయల సంచీతో తానొక్కతే మెట్లెక్కి వచ్చింది. తలుపు తీసిన నాకు నమస్తే కూడా పెట్టలేదు. "టీచరమ్మా, ఈ యేడుతోని నాకు నలభై తొమ్మిది నిండినయి" అంది. ఆ మాట పూర్తవుతుండగానే ఆమెకు నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. గడపకు అటొకరం ఇటొకరం నిలబడి, తలుపు రెక్క పట్టుకుని, మాట పెగలక, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాం. వంటింట్లోంచి మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి, "అమ్మా, బీపీ గోలీ ఏసుకున్నవా లేదా" అని అడిగింది. దాంతో మా నవ్వు ఇంకా ఎక్కువైంది.

మా మనవరాలు ఆద్య అప్పుడు చాప మీద బోర్లా పడుకుని ఏడో ఎక్కంతో కుస్తీ పడుతోంది. అది మూడో తరగతి. ఫోన్లో ఒక ఏనుగు బొమ్మ గంతులేస్తూ ఎక్కం పాడుతుంటే వెంట ఇదీ పాడాలి. ఎన్ని రోజులు పాడినా ఏనుగు అలసిపోలేదు, పిల్లకు ఎక్కం రాలేదు. "ఎందుకు నవ్వుతున్నరు అమ్మమ్మా?" అని లేచి కూర్చుంది. "ఏడేళ్ళు నలభై తొమ్మిది కదా, అందుకు" అన్నాను. అది మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "సెవెన్ ఇయర్సా? సెవెన్ ఇయర్స్ అంటే సెవెనే కద" అంది. కమ్లి చాప మీద కూలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "చూసినవా టీచరమ్మా, సదువుకునే పిల్లకు గూడ సమజయితలేదు. అప్పుడు నా తప్పేమన్న ఉన్నదా మరి" అంది. ఆ మధ్యాహ్నం మేమిద్దరం కలిసి ఆద్యకు చెప్పిన కథనే ఇక్కడ రాస్తున్నాను. దానికి చెప్పేటప్పుడు కమ్లి నా మాటకు అడ్డం వచ్చి, తన మాటకు తానే నవ్వి, కథను ఎక్కడో ఒకచోట తెంపేసేది. ఇప్పుడు నిమ్మళంగా చెప్పుకోవచ్చు.

నాకు మొట్టమొదట పోస్టింగు ఇచ్చిన తండా మానుకోటకూ డోర్నకల్‌కూ నడుమ, రైలు కట్టకు అవతల ఉండేది. కాగితాల మీద మహబూబాబాద్ అని రాసినా మా నోట అది మానుకోటే. మాది రఘునాథపల్లి పక్కన పల్లె, భూమీ పుట్రా ఉన్న ఇల్లు. పెళ్ళి కాని పిల్ల అంత దూరం పోయి లంబాడీ తండాలో ఒక్కతే ఉంటుందా అని మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని పొగ వంక పెట్టి కళ్ళు తుడుచుకుంది. మా బాపు మాత్రం నా ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని నన్ను ప్యాసింజరు బండి ఎక్కించాడు. వెంట వచ్చి, తండా అంతా ఒక చుట్టు తిరిగి చూసి, "మంచిగనే ఉన్నది బిడ్డా, ఉండు" అని అదే రోజు బండికి వెనక్కి పోయాడు. ఒక గది, పెంకుల కప్పు, ఒక నల్లబల్ల, ఒక నేను. అదీ బడి. బడికి ఎదురుగా ఉన్న ఇంట్లో పక్క గది నాకు ఇచ్చారు. ఆ ఇల్లు కమ్లి వాళ్ళ నాయనమ్మ మంగ్లీది. లంబాడీలో నాయనమ్మను దాదీ అంటారు. కమ్లికే కాదు, తండా మొత్తానికీ ఆమె దాదీయే. వారం తిరిగేలోపు నాకూ అయింది.

ఆ ఇంట్లో పొద్దు పొడవడం అంటే అరచేతుల మధ్య జొన్నపిండి ముద్ద చప్పుడు చేయడం. టప్ టప్ మని దాదీ రొట్టె కొడుతుంటే నిద్రలోనే నోట్లో నీళ్ళూరేవి. రొట్టె కాలిన వాసన, దాని వెనకే రోట్లో నూరిన పచ్చిమిర్చి ఘాటు, ఆ వెనక మేకల కొట్టం వాసన, అదే వరుసలో నా గదిలోకి వచ్చేవి. ఆమె రైక నిండా అద్దాలు కుట్టి ఉండేవి. తూర్పు ఎండ ఆ అద్దాల మీద పడి, ఆమె చేతులాడిస్తున్న కొద్దీ వెలుగు చుక్కలు నా గది గోడ మీద పిచ్చుకల్లా గెంతేవి. ఇప్పటికీ నాకు గడియారం గంట కొట్టి లేపితే మనసుకు ఎక్కదు. ఆ చుక్కలు ఒక్కోసారి కనురెప్పల మీదికి వచ్చి లేపేవి. ఇరవై ఒకటో ఇరవై రెండో ఏడు నాకప్పుడు. జీవితంలో మొదటిసారి నా గదికి నేనే గొళ్ళెం పెట్టుకున్నాను, మొదటిసారి నన్ను ఎవరో టీచరమ్మా అన్నారు. సంతోషం పట్టలేక ఒక్కదాన్నే గదిలో గిర్రున తిరిగి ట్రంకు పెట్టె మీద పడ్డ రోజులున్నాయి.

ఎక్కాలంటే మా ఇంట్లో పెద్ద తతంగం. దీపం పెట్టే వేళకు బాపు కాళ్ళు కడుక్కుని వసారాలో కూర్చునేవాడు. పిల్లలం వరుసగా నిలబడి ఎక్కాలు ఒప్పజెప్పాలి. మా అవ్వ అన్నం గిన్నె పక్కన పెట్టుకుని గరిట పట్టుకుని వినేది. తప్పు పోకుండా చెప్పినవాళ్ళకు గరిట కదిలేది, తడబడ్డవాళ్ళకు కదిలేది కాదు. తొమ్మిదో ఎక్కం నాకు ఎంత బాగా వచ్చంటే, ఆ ఎక్కం ఎత్తుకోగానే ఇప్పటికీ నాకు చారు వాసన వస్తుంది. చదువు అంటే అదేనని, చెప్పడమంటే అలాగేనని అనుకుని తండాకు వెళ్ళాను. పిల్లల్ని వరుసగా నిలబెట్టి, నేను ఒక పాదం అంటే వాళ్ళు ఒక పాదం అనేలా ఎక్కాలు పాడించాను. వాళ్ళ ఇంటి మాట లంబాడీ. తెలుగు అప్పుడప్పుడే నా నోటి నుంచి నేర్చుకుంటున్నారు. కానీ పాట అంటే ప్రాణం. రెండొకట్ల రెండుకు కూడా ఒక రాగం కట్టి, చివర ఒక విరుపు విరిచి, ఊగుతూ పాడేవాళ్ళు. రైలు కట్ట మీద నడిచిపోయే గ్యాంగు మనుషులు ఆగి వినేవాళ్ళు. రెండు నెలల్లో ఏడో ఎక్కం దాకా వచ్చేశాం. నా అంత టీచరు మానుకోట చుట్టుపక్కల లేదని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

ఆ నమ్మకానికి ఒక పొద్దున దెబ్బ తగిలింది. బడి గంట కొట్టకముందే దాదీ కమ్లి రెక్క పట్టుకుని, చంకలో కమ్లి తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చింది. వెనకాల ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు, ఏదో చూడబోతున్నట్టు.

"టీచరమ్మా, ఈ పోరి నిన్నటి సంది నాకు నలభై తొమ్మిదేండ్లు అంటాంది. దీని నాయినకే గన్ని లేవు. గట్లెట్లయితది?"

"ఎవరన్నరే?" అని కమ్లిని అడిగాను.

"నువ్వే" అంది కమ్లి, కళ్ళు కూడా ఆర్పకుండా. "నాకు ఏడేళ్ళని నువ్వే రాసినవ్. ఏడేళ్ళు నలభై తొమ్మిదని గూడ నువ్వే జెప్పినవ్."

మా వైపు మామూలు మాటలో వయసుకు ఏండ్లు అంటాం. నేను మాత్రం కొత్తగా శిక్షణ పూర్తి చేసి వచ్చిన మనిషిని, అచ్చు పుస్తకంలా మాట్లాడాలన్న మోజు. బడిలో చేర్చుకునేటప్పుడు ప్రతి పిల్లనూ ముద్దుగా "నీకు ఎన్నేళ్ళు?" అని అడిగాను. ఏళ్ళంటే వయసని వాళ్ళకు నేర్పింది నేను. మళ్ళీ ఎక్కంలో ఏళ్ళు పెట్టింది నేను. కమ్లి రెండూ కలిపి చక్కగా అర్థం చేసుకుంది. నేను నోరు తెరిచేలోపు క్లాసంతా అందుకుంది. ఒకడు తన తమ్ముడికి మూడేళ్ళు కాబట్టి ఇరవై ఒకటి అన్నాడు. ఇంకొకతె వాళ్ళ మేకకు నాలుగేళ్ళు కాబట్టి ఇరవై ఎనిమిది అంది. కమ్లి తన తమ్ముడి కాలు పట్టి ఊపి, "వీనికి రెండేళ్ళు, పద్నాలుగు" అని తేల్చేసింది. ముక్కు కారుతూ చంకలో వేలాడుతున్న ఆ పద్నాలుగేళ్ళవాణ్ణి దాదీ దూరంగా పట్టుకుని ఒకసారి ఎగాదిగా చూసింది. "ఇగ వీనికి పిల్లను సూడాలె" అంది. ముందు నేను నవ్వానో ఆమె నవ్విందో తెలియదు. ఆమె ఒళ్ళంతా నవ్వుతుంటే అద్దాలన్నీ కదిలి బడి గోడల నిండా వెలుగు చుక్కలు పరుగెత్తాయి. పిల్లలు వాటిని పట్టుకోవడానికి ఎగిరారు. ఆ రోజు పాఠం జరగలేదు.

నవ్వైతే నవ్వాను గానీ, పొద్దు గూకాక గదిలో కూర్చుంటే సంగతి బోధపడింది. పిల్లలకు వచ్చింది పాట. లెక్క ఒక్కటీ రాలేదు. మర్నాటి నుంచి పలక మీద గీతలు గీశాను, గులకరాళ్ళు పేర్చాను. చెప్తున్నంతసేపూ తలలూపేవాళ్ళు. గులకరాళ్ళతో వేరే ఆట మొదలయ్యేది. శిక్షణలో చెప్పారని బడి వెనక చిన్న తోట వేద్దామనుకుని దాదీని మిరప నారు అడిగాను. ఆమె తడి గోనెలో చుట్టిన నారు తెచ్చి, కొడవలి మొనతో నేల గీసి, పిల్లలతోనే సాళ్ళు తీయించింది. గింజుకుంటే ఏడు సాళ్ళు పట్టాయి, సాలుకు ఏడు మొక్కలు. నీళ్ళు పోయడం కమ్లి వంతు. చెంబు పట్టుకుని ఒక్కో మొక్కకూ ఇంత పోస్తూ, లెక్కపెట్టుకుంటూ, ఒక సాలు కాగానే ఏడు అని, రెండో సాలు కాగానే పద్నాలుగు అని తనలో తాను అనుకుంటోంది. నాలుగో సాలు చివర ఆగింది. వెనక్కి తిరిగి తడిసిన సాళ్ళను చూసింది, ముందు ఇంకా పొడిగా ఉన్న సాళ్ళను చూసింది. చెంబు అక్కడే కింద పెట్టి నా దగ్గరికి నడిచి వచ్చింది.

"టీచరమ్మా, ఏండ్లు గాదు" అంది మెల్లగా. "ఏడు. మళ్ళ ఏడు. మళ్ళ ఏడు. గట్ల ఏడు సార్లు."

ఆ పిల్లను ఎత్తుకుని తిప్పాను. ఇద్దరం మూడో సాల్లో పడ్డాం. దాదీ వచ్చి విరిగిన మొక్కలు చూసి నన్ను బాగా తిట్టింది.

ఆ తర్వాత తండాలో గుణించకుండా వదిలింది లేదు. మందలో మేకలకు కాళ్ళెన్ని, మంచానికి పట్టె వరసలెన్ని, దాదీ రైక చేతికి అద్దాల వరసలెన్ని. పిల్లలు చేయి పట్టుకుని అద్దాలు లెక్కపెడుతుంటే దాదీకి చక్కిలిగింతలు పుట్టి పిండి ముద్ద జారిపోయేది. నేను సాయంత్రాలు వాళ్ళ వాకిట్లోనే కూర్చుని చెప్పేదాన్ని. దాదీ రొట్టె కొడుతూ ఆ తాళానికే మాతో పాటు ఎక్కం అనేది. ఆమె ఎనిమిదో ఎక్కం మీద మనసు పడింది. ఎందుకో తెలియదు, ఆ మాట నోట్లో బాగుందట. కానీ ఎనిమిదారుల దగ్గరికి రాగానే ఎప్పుడూ యాభై అనేసేది. కమ్లి "నలభై ఎనిమిది దాదీ" అంటే, "రెండు ఎక్కువ ఉంటే ఏమయితది తియ్" అనేది.

ఇదంతా చలికాలంలో. ఎండ ముదిరేసరికి తండాలో వేరే మాట మొదలైంది. ఏటా ఆ రోజుల్లో వాళ్ళు దక్షిణాన మిరప తోటల్లో కాయలు ఏరడానికి పోతారు. మేస్త్రి లారీ పంపుతాడు. ముసలీ ముతకా కొందరు తప్ప అందరూ పిల్లల్ని వేసుకుని ఎక్కుతారు, తిరిగి వచ్చేసరికి మూడు నెలలు. అప్పటికి బడి సెలవులు, నేర్చుకున్నది సగం పోతుంది. నాకు ముందున్న మాస్టరు ఆ నెలల్లో ఖాళీ గదికి తాళం వేసి ఊరికి పోయేవాడట. కమ్లి వాళ్ళ నాన్న బద్రు మంచి మనిషి, మాట మెత్తన. ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం ఆయన మూటలు కడుతుంటే వెళ్ళి నిలబడ్డాను.

"కమ్లినన్న ఉంచిపోరాదు అన్నా" అన్నాను.

"ఎవల దగ్గర ఉంచాలె టీచరమ్మా?" అన్నాడు తాడు బిగిస్తూ. "మా యాడి గూడ వస్తది. ఆడ అందరికి వండి పెట్టేది ఆమెనే. చిన్నోన్ని కమ్లి పట్టుకోకపోతే వాళ్ళమ్మ కాయ ఎట్ల ఏరుతది? నాకు మాత్రం సదువుమీద కోపమా చెప్పు."

యాడి అంటే అమ్మ. ఆయన మాటలో తప్పేమీ లేదు. గదిలోకి పోయి పడుకున్నాను. దాదీ పొయ్యి దగ్గర కూర్చుని మా మాటలన్నీ వింది.

పొద్దున్నే లారీ వచ్చింది. గిన్నెలు, కుంపట్లు, దుప్పట్లు, కోళ్ళ గంపలు ఎక్కాయి. మనుషులు ఎక్కారు. కమ్లి తల్లి చిన్నోణ్ణి ఎత్తుకుని ఎక్కింది, కమ్లి కూడా ఎక్కి అంచు పట్టుకుని నావైపు చూస్తూ నిలబడింది. దాదీ మాత్రం వాకిట్లో రోలు పక్కన కూర్చుని లేవలేదు.

"యాడీ, ఎక్కు. పొద్దెక్కుతాంది" అన్నాడు బద్రు. లంబాడీలోనే అన్నాడు, అప్పటికి ఆ మాత్రం నాకు అర్థమవుతోంది.

"నేను రాను."

"ఎందుకు రావు?"

"ఎనిమిదో ఎక్కం నడుమల ఉన్నం" అంది దాదీ. "అది అయ్యేదాక నేను ఎక్కడికి కదల. పోరిని దించు. చిన్నోన్ని గూడ దించు."

లారీ మీద ఎవరో నవ్వారు. బద్రు నవ్వలేదు. తల్లిని చూశాడు, నన్ను చూశాడు. నాకు ముందే తెలుసనుకున్నాడేమో, నా ముఖం చూశాక తెలియదని నమ్మాడు. తల ఎత్తి భార్య వైపు చూశాడు. ఆమె వంగి, చంకలోని పిల్లవాణ్ణి అతని చేతికి అందించింది. కమ్లి తానే దూకేసింది. అప్పుడు ఒక తల్లి లారీ మీద నుంచే, "దాదీ, మావోన్ని గూడ సూస్తవా?" అని అడిగింది. "దించు" అంది దాదీ. ఇంకొకామె అడిగింది. "దించు" అంది. ఎక్కించిన పిల్లల్ని మళ్ళీ ఒక్కొక్కరినీ రెక్కలు పట్టి కిందికి అందిస్తుంటే నేనూ బద్రూ కింద నిలబడి అందుకున్నాం. పిల్లల వెనక జొన్నల మూటలు దిగాయి, ఒక పాలిచ్చే మేక కూడా దిగింది. బడి మొత్తం నా చేతుల మీదుగా లారీ దిగుతోంది. లారీ కదిలి, దుమ్ములో కలిసిపోయి, చప్పుడు కూడా వినపడకుండా పోయాక, పిల్లలు రోడ్డు మీదే కదలకుండా నిలబడ్డారు. నాకు మాత్రం కాళ్ళు నేల మీద ఆనడం లేదు. "ఏదీ, ఎనిమిదొకట్ల?" అన్నాను. వాళ్ళు ఎత్తుకున్నారు. అంత గట్టిగా వాళ్ళు చదవడం అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

ఆ మూడు నెలలూ దాదీ ఇల్లు ఇల్లు కాదు, తిరునాళ్ళు. రాత్రిళ్ళు వాకిట్లో పిల్లలందరూ ఒకే వరసగా పడుకునేవారు. నా మంచం చివర, మంచం కింద, ఎక్కడ చూసినా పిల్లలే. తలలు దువ్వడానికే ఒక పూట పట్టేది. దాదీ రొట్టెలు చేసి దొంతి పెట్టేది. ఇంతమందికి రెండేసి అంటే ఎన్ని, సగం మందికి మూడోది కావాలంటే ఎన్ని అని పిల్లలే లెక్క చెప్పాలి. తక్కువ చెప్తే ఎవరికో ఒకరికి రొట్టె ఉండదు, కాబట్టి ఎవరూ తక్కువ చెప్పేవారు కాదు. కొందరు కావాలని ఎక్కువ చెప్పేవారు. బావి దగ్గర స్నానాలు చేయిస్తూ, ఒక్కొక్కరికి నాలుగు చెంబులు అంటూ, ఆ తడి తలల మీద నేను నాలుగో ఎక్కం పోసేదాన్ని. అన్నం ఒకసారి మాడ్చింది నేను, రెండోసారి మాడ్చిందీ నేనే. అంత నవ్వు, అంత గోల, అంత ఆకలి మళ్ళీ నా జీవితంలో చూడలేదు.

సంగతి తెలిసి బాపు బియ్యం మూట, మామిడికాయ తొక్కు జాడీతో బండి దిగాడు. వాకిట్లో పిల్లల గుంపును చూసి ఆయనకు మా వసారా గుర్తొచ్చింది. చొక్కా చేతులు మడుచుకుని, పిల్లల్ని వరుసగా నిలబెట్టి, "ఎక్కం చెప్పినోళ్ళకే అన్నం" అని ప్రకటించాడు. పిల్లల ముఖాలు చిన్నబోయాయి. దాదీ చేతిలో రొట్టెతో అలాగే వచ్చి ఆయన ముందు నిలబడింది.

"ముందుగాల తిననియ్యి పటేలా. కడుపుల లేకుంటే నోట్లెకెట్లొస్తది?"

"మా ఇంట్ల గట్లనే చెప్పిన, అందరికి వచ్చింది" అన్నాడు బాపు.

"అట్లనా. అయితే నువ్వు మా లెక్క చెప్పు, నీకు రొట్టె పెడ్త." ఆమె మా బాపు ఎదుట నడుము మీద చేయి పెట్టి, లంబాడీలో ఏక్, ది, తీన్ అని ఒక్కసారి చెప్పింది. పది దాకా చెప్పి, "ఊ, ఇప్పుడు నువ్వు" అంది.

మా ఊళ్ళో బయటి ఇళ్ళల్లో మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి మా బాపు. తెల్ల ధోవతి కట్టుకుని, పిల్లల ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఏక్, ది, తీన్" దాకా వచ్చి ఆగిపోయాడు. కమ్లి వెనక నుంచి అందించబోయింది. దాదీ కళ్ళెర్రజేసింది. బాపు గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే ఆగాడు. పిల్లలు అరచేతులు నోళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. చివరికి ఆయనే నవ్వేసి, కింద కూర్చుని, "పెట్టు తల్లీ, ఆకలయితాంది" అన్నాడు. ఆమె పెట్టింది. ఆయన తిన్నాడు. రెండోది అడిగి తిన్నాడు. ఆ రోజు పోవలసినవాడు ఇంకో మూడు రోజులుండి, పిల్లలకు తన పద్ధతిలో పదహారో ఎక్కం దాకా పాడి వినిపించాడు. ఇంటికి పోయాక వసారాలో మా అన్న పిల్లలకు అన్నం ముందు పెట్టించి ఆ తర్వాతే ఎక్కాలు అడిగాడని మా అమ్మ ఉత్తరంలో రాయించింది.

లారీ తిరిగి వచ్చిన సాయంత్రం పిల్లలు రోడ్డు మలుపు దాకా ఎదురు పరుగెత్తారు. తల్లులు దిగీ దిగగానే ఎవరి పిల్లల్ని వాళ్ళు తడుముకుంటున్నారు. వాళ్ళ చేతులన్నీ మిరప మంటకు ఎర్రగా పొంగి ఉన్నాయి. కమ్లి తల్లి చిన్నోడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచింది. వాడు వెనక్కి జరిగి దాదీ లంగా పట్టుకుని దాని వెనక నక్కాడు. అప్పటికి వాడికి మాటలొచ్చాయి. వాడికి మాటలు రావడం వాళ్ళమ్మ చూడలేదు. ఆమె చాచిన చేతులు అలాగే ఉన్నాయి. దాదీ వాడి తల మీద చేయి వేసి, "మీ యాడికి చెప్పురా" అంది. వాడు లంగా చాటు నుంచి ముఖం బయట పెట్టి, తల్లిని తేరిపార చూసి, గట్టిగా, "రెండు రెళ్ళు నాలుగు" అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. బద్రు వాణ్ణి ఎత్తుకుని, మళ్ళీ చెప్పమని, మళ్ళీ చెప్పమని లారీ చుట్టూ తిప్పాడు.

నేను అక్కడున్నన్నేళ్ళూ దాదీ మళ్ళీ లారీ ఎక్కలేదు. ఏటా ఆమె వాకిట్లో పిల్లలు దిగేవారు. ఆమె పోయాక కొన్నాళ్ళకు హాస్టళ్ళు వచ్చాయి, నీళ్ళు వచ్చాయి, తండాలోనే మిరప తోటలు లేచాయి. కమ్లి పదో తరగతి దాటి, పెళ్ళయ్యాక ట్రేలలో మిరప నారు పెంచి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఇస్తోంది. ఇప్పుడు తన తోటలో కాయలు ఏరడానికి ఎక్కడి నుంచో వేరేవాళ్ళు వస్తారట, పిల్లల్ని వేసుకుని. ఇక్కడ మా అమ్మాయీ అల్లుడూ ఉద్యోగాలకు పోతే ఆద్యకు ఎక్కం చెప్పేది ఏనుగు బొమ్మ. పక్క ఫ్లాటువాళ్ళకు ఇబ్బందని ఆద్య గట్టిగా చదవదు, చెవుల్లో తీగలు పెట్టుకుని పెదాలు కదుపుతుంది. దానికి అన్నం ముందా ఎక్కం ముందా అన్న గొడవే లేదు, రెండూ ఒకేసారి జరుగుతాయి. మేలయినవి చాలా ఉన్నాయి, కాదనను. ఎక్కం రాకపోతే ఇప్పుడు ఎవరూ గరిట ఆపరు. కానీ అది ఎవరి పక్కనా ఒరుసుకుని కూర్చుని లెక్క చేయగా నేను చూడలేదు. కమ్లి దాన్ని ఒడిలో కూర్చోబెట్టుకుని, దాని వేళ్ళూ తన వేళ్ళూ కలిపి ఏడేసి చొప్పున మడిచి చూపించింది. వేళ్ళు చాలక నావి, మా అమ్మాయివి కూడా తీసుకుంది. మా అమ్మాయి చేతికి ఇంకా పిండి ఉంది. మొత్తం మీద ఏడు ఏడులు పూర్తి కావడానికి కింద టీ కొట్టు దగ్గరున్న కొడుకునూ కోడలినీ కూడా పైకి పిలిపించాల్సి వచ్చింది.

వాళ్ళు బయల్దేరేటప్పుడు గేటు దాకా వెళ్ళాను. నవ్వి నవ్వి ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి. ఆ లారీ వెళ్ళిన రోజు మీరెంత గట్టిగా చదివారే, డోర్నకల్ స్టేషన్ దాకా వినిపించి ఉంటుంది అన్నాను. కమ్లి జీపు తలుపు మీద చేయి వేసి ఆగింది.

"గట్టిగ చదివితే ఏడుపు వినరాదు గద టీచరమ్మా" అంది. "ఆ దినమే గాదు, రోజు పొద్దుగూకంగనే అందరికి ఏడుపొచ్చేది. అందుకే గంత గట్టిగ చదివేటోళ్ళం."

"మరి నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"దాదీ చెప్పొద్దన్నది. టీచరమ్మ గూడ చిన్న పిల్లనే, వాళ్ళమ్మను ఇడ్సిపెట్టి ఒక్కతే వచ్చింది, మీరేడిస్తే ఆమె గూడ ఏడుస్తది, ఆమె మంచిగ నవ్వుకుంట ఉన్నది, ఉండనియ్యిన్రి అన్నది."

అని నా భుజం తట్టి, జీపెక్కింది. కొడుకు బండి తిప్పాడు. వాళ్ళు పరకాల రోడ్డు ఎక్కేదాకా చేయి ఊపుతూనే ఉంది. మా అమ్మాయి పై నుంచి పిలుస్తున్నా నేను గేటు దగ్గరే నిలబడ్డాను. ఆ మూడు నెలలూ తండా పిల్లల్ని చూసుకున్నది నేనేనని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకుంటూ వచ్చాను.